కీలు మారింది, మరి నడక?

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి ఒక ఇంటి పెద్దావిడను ఊహించుకుందాం. వయసు అరవై ఐదు, బరువు 60 కిలోలు. ఏళ్ళ తరబడి బాధపెట్టిన కుడి తుంటి కీలును కోల్‌కతా ఆసుపత్రిలో మార్పించుకున్నారు. ఆరు వారాల తరువాత మళ్ళీ చూపించుకోవడానికి వచ్చారు. గాయం మానింది. ఎక్స్‌రేలో కొత్త కీలు చక్కగా కుదురుకున్నట్లు కనిపిస్తోంది. రాత్రిళ్ళు నిద్రపోనివ్వని పాత నొప్పి మాయమైంది. కాని ఆవిడ గదిలోకి నడిచి వస్తుంటే ఒళ్ళు ఇంకా కుడివైపుకు ఒరుగుతూనే ఉంది. కుడిచేతిలో కర్ర.

"మాసీమా, కర్ర ఎడమచేతిలోకి మార్చండి" అన్నాడు ఫిజియోథెరపిస్టు.

"ఆపరేషన్ అయింది కుడివైపు కదా నాయనా!" అన్నారావిడ.

ఆవిడ సందేహం సహజమైనదే. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాం. ఎటువైపు బలహీనంగా ఉంటే అటువైపే ఊతం ఉండాలి కదా! కాని భౌతికశాస్త్రం ఇక్కడ మరోలా చెబుతుంది. ఈ చిన్న సందేహం వెనుకే ఒక పెద్ద ప్రశ్న ఉంది. చెడిపోయిన కీలు మారింది, నొప్పి పోయింది. అయినా నడక ఎందుకు మారలేదు? దానిని మార్చడానికి ఇప్పుడు వచ్చిన సెన్సర్లు, ప్రత్యేక ట్రెడ్‌మిల్లులు, రోబోలు ఎంతవరకు సాయపడతాయి?

బంతి, గిన్నె

తుంటి కీలు నిర్మాణం చాలా సులభమైనది. ఫీమర్ అనే తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఆ బంతి కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో ఇమిడిపోతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర, మధ్యలో కందెన వంటి ద్రవం ఉంటాయి. ఈ మృదులాస్థి అరిగిపోయినా, రక్తప్రసారం తగ్గి బంతి భాగం కుంగిపోయినా, ఎముక మీద ఎముక రాసుకుంటుంది. ఇక అడుగడుగునా నొప్పే.

ఈ కీలును నమ్మకంగా మార్చే పద్ధతిని మనకిచ్చినవాడు జాన్ చార్న్‌లీ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు. రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసిన ఆయన మొదట గిన్నెను టెఫ్లాన్‌తో చేశాడు. జారుడు గుణంలో దానికి సాటి లేదు. కాని కొద్ది సంవత్సరాలకే అది అరిగిపోయి, రాలిన పొడి చుట్టుపక్కల కణజాలాన్ని రేపింది. వందలాది రోగులకు మళ్ళీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. అప్పుడాయన టెఫ్లాన్ ముక్కనూ, కొత్తగా దొరికిన గట్టి పాలిఎథిలిన్ ముక్కనూ తన తొడలోనే పెట్టించుకుని, శరీరం దేనిని సహిస్తుందో చూసుకున్నాడు. 1962 నవంబరులో పాలిఎథిలిన్ గిన్నెతో చేసిన ఆపరేషన్‌తో ఈనాటి తుంటి మార్పిడికి నాంది పలికినట్లయింది.

చార్న్‌లీ పదార్థాన్ని మార్చి ఊరుకోలేదు. గిన్నెను కొంచెం లోపలికి జరిపాడు. తొడ ఎముక పక్కన కండరాలు అంటుకునే ఎముక గుబ్బను కొంచెం బయటికి జరిపాడు. ఎందుకిలా చేశాడు? నడక రహస్యమంతా ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

ఒంటికాలి లెక్క

నడక అంటే నిజానికి ఒంటికాలి మీద నిలబడడమే, కాలు మార్చి కాలు. ఒక కాలు గాలిలో ముందుకు ఊగుతున్నంతసేపూ శరీర భారమంతా రెండో కాలి మీదే ఉంటుంది.

మన పెద్దావిడ కుడికాలి మీద నిలబడ్డారనుకోండి. ఆ కాలు బరువు సుమారు 10 కిలోలు తీసేస్తే, తుంటి కీలుకు పైనున్న బరువు 50 కిలోలు. ఈ బరువు సరిగ్గా కీలు మీద ఉండదు. శరీరం మధ్యకు దగ్గరగా, అంటే కీలుకు ఎడమవైపున సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. కాబట్టి కటిభాగం ఎడమవైపుకు కుంగిపోవాలి. కుంగకుండా పట్టి ఉంచేది కుడి తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్ మొదలైన పిరుదు కండరాలు. ఇవి కీలుకు బయటివైపున, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే లాగుతాయి.

మీరు హైస్కూల్లో చదివిన మీట సూత్రం ఇదే. కీలు ఆధారబిందువు. శరీరం బరువు భారం. కండరం లాగుడు బలం. బలాలను న్యూటన్లలో చెప్పాలి గాని, సులువుగా ఉండడానికి కిలోలలోనే చూద్దాం.

50 × 10 = కండరబలం × 5

అంటే కండరం 100 కిలోల బలంతో లాగాలి! కీలు మీద పడేది శరీరం బరువూ కండరం లాగుడూ కలిసిన మొత్తం. 50, 100 కలిపితే 150 కిలోలు. 60 కిలోల మనిషి ఊరికే ఒంటికాలి మీద నిలబడితే కీలు మీద ఆమె బరువుకు రెండున్నర రెట్లు పడుతుందన్నమాట. చార్న్‌లీ ఎందుకు గిన్నెను లోపలికి, గుబ్బను బయటికి జరిపాడో ఇప్పుడు తెలిసింది కదా? భారభుజం తగ్గాలి, బలభుజం పెరగాలి. అప్పుడు కీలు మీద భారం తగ్గుతుంది.

కుంటు ఒక పాత సమాధానం

కీలు నొప్పి పుట్టినప్పుడు మనిషి ఏం చేస్తాడు? తెలియకుండానే ఒళ్ళంతా నొప్పి ఉన్న కాలివైపుకే ఒరిగిస్తాడు. చూడడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, ఇది చాలా తెలివైన పని. ఒరిగినప్పుడు గురుత్వకేంద్రం కీలుకు దగ్గరవుతుంది. 10 సెంటీమీటర్ల భారభుజం 4 సెంటీమీటర్లయిందనుకోండి. కండరం 40 కిలోల బలంతో లాగితే చాలు. కీలు మీద మొత్తం 90 కిలోలే. నొప్పి తగ్గుతుంది.

అంటే కుంటు ఒక తప్పు కాదు. బాధపడుతున్న కీలుకు మెదడు కనిపెట్టిన సమాధానం అది. చిక్కేమిటంటే ఏళ్ళ తరబడి ఇలా నడిచేసరికి పనిలేని పిరుదు కండరాలు చిక్కి బలహీనపడతాయి. మెదడు ఈ నడకనే సరైన నడకగా గుర్తు పెట్టుకుంటుంది. శస్త్రవైద్యుడు కీలును ఒకటి రెండు గంటల్లో మార్చగలడు. కండరాన్నీ మెదడు అలవాటునూ మార్చలేడు. ఆపరేషన్‌లో కండరాలకు తగిలిన గాయం కూడా వీటికి తోడవుతుంది. సమస్య తీరిపోయినా పాత సమాధానం మిగిలిపోతుంది.

కొందరిలో కండరం మరీ బలహీనంగా ఉంటే, ఒంటికాలి మీద నిలబడగానే కటిభాగం అవతలివైపుకు జారిపోతుంది. జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించిన ఈ గుర్తును వైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కర్ర సంగతి కూడా ఈ మీటతోనే తేలిపోతుంది. ఎడమచేతిలోని కర్ర కుడి కీలుకు సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దానిమీద 5 కిలోల బలంతో నొక్కితే నేల అంతే బలంతో పైకి నెడుతుంది. 5 × 40 = 200. భారం వల్ల వచ్చే 500లో ఇది 200 మోసేస్తే, కండరం వంతుకు 300 మిగులుతుంది. 300ను 5తో భాగిస్తే 60. కీలు మీద మొత్తం 50 + 60 - 5 = 105 కిలోలు. చేతితో 5 కిలోలు నొక్కితే కీలు మీద 45 కిలోలు తగ్గాయి! నిజ జీవితంలో కర్ర ఇంత పొదుపు ఇవ్వదు. మనిషి కదులుతుంటాడు, కండరాలు పూర్తిగా సడలవు. కాని దిశ మాత్రం ఇదే.

కుడిచేతిలో కర్ర ఉంటే? అది కీలుకు బయటివైపు నుంచి పైకి నెడుతుంది. కటిభాగాన్ని ఎడమవైపుకు కుంగదీసే భారానికే తోడవుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మనిషి కర్ర మీదికి మరింత ఒరుగుతాడు. అంటే మాన్పించవలసిన కుంటును మనమే పెంచి పోషించినట్లవుతుంది. సంచీ విషయంలో లెక్క తిరగబడుతుంది. కర్ర పైకి నెడుతుంది, సంచీ కిందికి లాగుతుంది. కాబట్టి కూరగాయల సంచీ మోయక తప్పకపోతే ఆపరేషన్ అయిన వైపు చేతిలోనే ఉండాలి.

కీలు లోపలి నుంచి కబురు

ఈ లెక్కలన్నీ కాగితం మీదివే కదా, నిజంగా కీలు మీద ఎంత పడుతుందో ఎవరైనా కొలిచారా? కొలిచారు. బెర్లిన్‌లో గెయోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ కీలు బోలు మెడలోనే చిన్న కొలత పరికరాలు అమర్చింది. బలం పడినప్పుడు లోహం వెంట్రుకవాసి సాగుతుంది. దాంతో లోపల అతికించిన సన్నటి తీగల విద్యున్నిరోధం మారుతుంది. ఈ మార్పు రేడియో సంకేతంగా బయటికి వస్తుంది. లోపల బ్యాటరీ లేదు. తొడ చుట్టూ పెట్టిన తీగచుట్ట నుంచి విద్యుదయస్కాంత ప్రేరణతో శక్తి అందుతుంది.

2001లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం గంటకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో నడిచేటప్పుడు కీలు మీద సగటున శరీరం బరువుకు 238 శాతం పడింది. మన మీట లెక్క చెప్పిన రెండున్నర రెట్లకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మెట్లు ఎక్కేటప్పుడు 251 శాతం, దిగేటప్పుడు 260 శాతం. వీటికంటే ఆలోచింపజేసే సంగతి ఇంకొకటుంది. అదే బృందం 1993లో ప్రచురించిన కొలతల్లో, ఒక రోగి అనుకోకుండా తూలినప్పుడు కీలు మీద శరీరం బరువుకు 8 రెట్లకు పైగా భారం పడింది. పడిపోలేదు, తూలారంతే. కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకోవడమే దీనికి కారణం. కుదురైన నడక అందానికి సంబంధించినది కాదు, కొత్త కీలు భద్రతకు సంబంధించినదని దీనివల్ల తెలుస్తుంది.

కంటికి కనిపించనిది

మొక్క ఎదుగుదలను కంటితో చూడలేం. అటువంటి సూక్ష్మమైన కదలికను వేల రెట్లు పెద్దదిగా చేసి చూపించడానికి జగదీశ్‌చంద్ర బోస్ కోల్‌కతాలో క్రెస్కోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేశాడు. నడకను కొలిచే పరికరాలు చేసేదీ ఇలాంటి పనే. అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టు కన్ను కుంటును ఇట్టే పట్టేస్తుంది. కాని అది పోయిన వారానికీ ఈ వారానికీ ఎంత తగ్గిందో చెప్పలేదు.

ఒక మడమ నేలను తాకినప్పటి నుంచి అదే మడమ మళ్ళీ నేలను తాకేవరకు ఒక నడక చక్రం. ఆరోగ్యవంతులలో ఇందులో సుమారు 60 శాతం కాలం ఆ కాలు నేలమీద ఉంటుంది, 40 శాతం గాలిలో ఊగుతుంది. తుంటి ఆపరేషన్ అయినవారు ఆ కాలి మీద తక్కువసేపు నిలిచి గబుక్కున రెండో కాలి మీదికి మారతారు. పైగా కాలిని వెనక్కి పూర్తిగా చాచరు. కాబట్టి అడుగు పొట్టిదవుతుంది.

దీన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో రెండు పద్ధతులు వాడతారు. మొదటిది కెమెరాలు. ఒంటిమీద ముఖ్యమైన చోట్ల కాంతిని పరావర్తనం చేసే చిన్న గోళీలు అతికించి, చుట్టూ ఉన్న పరారుణ కెమెరాలతో సెకనుకు వంద దాకా చిత్రాలు తీస్తారు. ఒకే గోళీ వేర్వేరు కెమెరాలకు వేర్వేరు కోణాల్లో కనిపిస్తుంది కనుక త్రికోణమితితో దాని స్థానం తెలిసిపోతుంది. రెండవది నేలలో అమర్చిన బలఫలకం. దీనిమీద అడుగు వేసినప్పుడు నేల పైకి నెట్టే బలాన్ని గీత గీస్తే, మామూలు నడకలో రెండు మూపురాల ఒంటె వీపులా వస్తుంది. మడమ ఆనినప్పుడు ఒక మూపురం, వేళ్ళతో నెట్టినప్పుడు ఇంకొకటి. రెండూ శరీరం బరువు కంటే కొంచెం ఎక్కువే. మధ్య పల్లం మాత్రం బరువు కంటే తక్కువ. జంకుతూ వేసే అడుగులో మూపురాలు కరిగిపోయి, గీత చదునుగా మారుతుంది.

ఇవి ఖరీదైన ప్రయోగశాలలు. అన్ని ఊళ్ళలో ఉండవు. అందుకే అగ్గిపెట్టె కంటే చిన్న జడత్వ సెన్సర్లు ముఖ్యమయ్యాయి. మీ మొబైల్ ఫోను పక్కకు తిప్పగానే తెర కూడా తిరిగేది వీటివల్లనే. లోపల సిలికాన్‌తో చెక్కిన అతి చిన్న దిమ్మ స్ప్రింగుల వంటి పట్టీలకు వేలాడుతుంది. సెన్సరు వేగం మారినప్పుడు జడత్వం వల్ల దిమ్మ వెనుకబడుతుంది. పక్కనున్న పలకలకూ దానికీ మధ్య దూరం మారి, కెపాసిటెన్స్ మారుతుంది. అదే త్వరణానికి కొలత. నడుముకూ రెండు పాదాలకూ మూడు సెన్సర్లు కట్టుకుని రోగి వరండాలో నడిస్తే చాలు, అడుగుల తీరు తెలుస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి దూరాన్ని రాబట్టాలంటే రెండుసార్లు సమాకలనం చేయాలి. కొలతలో సెకనుకు సెకనుకు 0.01 మీటరు మాత్రమే తప్పు ఉందనుకోండి. 10 సెకన్లకు దూరంలో తప్పు అర మీటరు. నిమిషానికి అది 18 మీటర్లు! మరి ఎలా? ఇంజనీర్లు పాదాన్నే సాయం అడిగారు. ప్రతి అడుగులోనూ పాదం నేలమీద ఆనినప్పుడు కొద్ది క్షణాలు కదలదు. ఆ క్షణంలో వేగం సున్నా అని మనకు ముందే తెలుసు. సెన్సరు మరో అంకె చెబితే అది తప్పే. ప్రతి అడుగుకూ ఈ తప్పును సరిచేసుకుంటూ పోతే అది అంతగా పెరగదు.

బరువు తగ్గించే ఉపాయాలు

కొలవడం ఒక ఎత్తు, నేర్పడం మరో ఎత్తు. బలహీనమైన కండరంతో నిటారుగా నడవమంటే రోగి నడవలేడు. ఒరిగి నడిస్తే పాత అలవాటే గట్టిపడుతుంది. ఈ ముడి విప్పాలంటే కాసేపు శరీరం బరువు తగ్గాలి.

ఈదడం నేర్చుకునేటప్పుడు నీళ్ళలో ఒళ్ళు తేలికవడం మీకు అనుభవమే. గాయం పూర్తిగా మానిన తరువాత నీటిలో నడిపించడం అందుకే. పొడిగా చేయాలంటే రోగికి పట్టీల తొడుగు వేసి, పైనుంచి కప్పీలతో కొంత బరువు ఎత్తిపట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. మూడో పద్ధతి గాలిది. నడుము వరకు బిగించిన సంచీలో ట్రెడ్‌మిల్ ఉంటుంది. సంచీలో గాలి పీడనాన్ని కొంచెం పెంచితే అది మనిషిని పైకి నెడుతుంది. ఎంత పెంచాలి? నడుము దగ్గర అడ్డుకోత వైశాల్యం 0.1 చదరపు మీటరు అనుకుందాం. 20 కిలోల బరువు తగ్గించాలంటే సుమారు 200 న్యూటన్ల బలం కావాలి. 200ను 0.1తో భాగిస్తే 2,000 పాస్కల్‌లు. వాతావరణ పీడనంలో ఇది దాదాపు 2 శాతమే! ఈ ఉపాయం అంతరిక్ష పరిశోధనలో పుట్టింది. బరువే లేని వ్యోమగాములను ట్రెడ్‌మిల్‌కు అదిమిపట్టడానికి నాసా ఏమ్స్ కేంద్రంలో రాబర్ట్ వేలన్ పీడన భేదాన్ని వాడాలనుకున్నాడు. అదే ఆలోచనను తిరగేస్తే భూమిమీద రోగి బరువు తగ్గింది.

వీటివల్ల నిజంగా ప్రయోజనం ఉందా? ఆపరేషన్ తరువాత రోజులు గడిచేకొద్దీ ఎవరి నడకైనా కొంత బాగుపడుతుంది. ఆ ఘనత యంత్రానికి కట్టబెట్టకూడదు. అందుకే పోలిక కావాలి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పి మన దేశంలో పెంచిన గణాంకశాస్త్రం పని ఇటువంటి చోటనే. 2003లో బెర్లిన్‌కు చెందిన స్టెఫాన్ హెస్సె బృందం తుంటి మార్పిడి అయిన సుమారు 80 మందిని చీటీలు తీసినట్లుగా రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మామూలు ఫిజియోథెరపీ. రెండో జట్టుకు బరువు తగ్గించిన ట్రెడ్‌మిల్ నడక. రెండో జట్టులో రెండు కాళ్ళ నడకా ఎక్కువ సమంగా వచ్చింది. వారు ఊతకర్రలను కూడా ముందుగానే వదిలేశారు. అయితే ఇది ఒక్క ప్రయోగం. దీన్ని చూసి ప్రతి ఆసుపత్రికీ యంత్రం తప్పనిసరి అనలేం.

రోబో చేయి పట్టుకుంటే

జూరిచ్‌లో 2000 ప్రాంతంలో రూపొందిన లోకోమాట్ అనే యంత్రం ట్రెడ్‌మిల్ మీద మనిషి కాళ్ళను మోటార్లతో కదిలిస్తుంది. జపాన్‌లో యోషియుకి సంకాయ్ తయారుచేసిన హాల్ అనే తొడుగు కండరాలకు మెదడు పంపే విద్యుత్ సంకేతాలను చర్మం మీదనే పసిగట్టి, ఆ కదలికకు మోటారు బలం తోడు చేస్తుంది. లోకోమాట్ వంటివి ముఖ్యంగా పక్షవాతం, వెన్నుపాము గాయాల రోగుల కోసం పుట్టాయి. వారికి నరాల సంకేతమే సరిగా అందదు. తుంటి మార్పిడి రోగికి నరాలు బాగానే ఉంటాయి. చాలామంది మామూలు వ్యాయామంతోనే కోలుకుంటారు. కాబట్టి వీరికి రోబో అవసరం అరుదు.

ఇంకో సంగతి. సైకిల్ నేర్పేవాడు సీటు గట్టిగా పట్టుకుని వదలకపోతే పిల్లవాడికి సైకిల్ రాదు. రోబో కూడా అంతే. కాలును అదే కదిలిస్తుంటే కండరం సోమరిగా ఊరుకుంటుంది. అందుకే కొత్త యంత్రాల్లో అవసరమైనంతే సాయం చేసి, రోగి కొంచెం మెరుగుపడగానే సాయం తగ్గించే పద్ధతి పెడుతున్నారు.

దీనికంటే చవకైనదీ తుంటి రోగికి బాగా సరిపోయేదీ మరొకటి ఉంది. నడుము సెన్సరు ఒరుగుడును పసిగట్టి చిన్న శబ్దం చేస్తుంది. రోగి సరిచేసుకుంటే శబ్దం ఆగుతుంది. చెప్పులోని పీడన సెన్సరయితే కాలిమీద బరువు వైద్యుడు చెప్పిన హద్దు దాటగానే హెచ్చరిస్తుంది. మెదడు తన పాత సమాధానాన్ని తానే గమనించేలా చేయడం ఇందులోని కిటుకు. ఎవరో నిలువుటద్దం చూపించినట్లన్నమాట.

కోల్‌కతా మెట్లు

ఉత్తర కోల్‌కతాలో బి.టి. రోడ్డు మీద బన్‌హుగ్లీలో ఒక జాతీయ సంస్థ ఉంది. 1978లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది ఆర్థోపెడికల్లీ హ్యాండీక్యాప్డ్‌గా మొదలై, ఇప్పుడు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ లోకోమోటర్ డిజెబిలిటీస్ అనే పేరుతో నడుస్తోంది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాల తయారీలో ఇక్కడ డిగ్రీ చదువులున్నాయి. కదలికకు సంబంధించిన పరిశోధన ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ సాగింది. జాదవ్‌పూర్, శిబ్‌పూర్ విశ్వవిద్యాలయాలకు చెందిన శంతను మజుందార్, అమిత్ రాయ్‌చౌధురి, సుబ్రత పాల్ 2007లో మనిషి పక్కకు పడినప్పుడు తుంటి ఎముక ఎలా విరుగుతుందో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. ఎముకను వేలాది చిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కొక్క ముక్క మీద పడే ఒత్తిడిని విడిగా లెక్కించే పద్ధతి ఇది. తుంటి మీదుండే కండ, కొవ్వు పొరలు దెబ్బను ఎలా తట్టుకుంటాయో ఇటువంటి నమూనాల వల్ల తెలుస్తుంది.

పుస్తకాల్లోని రోగి చదునైన వరండాలో నడుస్తాడు. మన రోగి అలా కాదు. నేలమీద బాసింపట్టు వేసి కూర్చునే ఇల్లు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, ఎత్తయిన బస్సు మెట్టు, మెట్రో స్టేషన్ మెట్లు. ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి మొదటి వారాల్లో చాలామంది వైద్యులు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దని, కాలు మీద కాలు వేసుకోవద్దని చెబుతారు. బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఎత్తయిన కుర్చీ, గోడకు పట్టుకునే కడ్డీ, తడిలేని నేల కూడా సాంకేతిక సాయమే. మెట్లకు ఒక సులువైన సూత్రం ఉంది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కేటప్పుడు పైమెట్టు మీది కాలే ఒళ్ళును ఎత్తాలి. దిగేటప్పుడు పైమెట్టు మీద మిగిలిన కాలే ఒళ్ళును నెమ్మదిగా దించాలి. రెండుసార్లూ కష్టమైన పని మంచికాలిదే.

వీటిలో దేనికీ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఇంటిలో ఎవరో ఒకరికి మీట సూత్రం తెలిసి, రోజూ పక్కన నిలబడి చూసే ఓపిక ఉంటే చాలు. ఊరికి దూరంగా ఉన్న రోగి విషయంలో సెన్సరు తన విలువను నిరూపించుకోగలదు. ఖరగ్‌పూర్ నుంచి ప్రతివారం కోల్‌కతా రావడం సాధ్యం కాదు. ఇంట్లో నడిచిన నడక కొలత ఫోను ద్వారా ఫిజియోథెరపిస్టుకు చేరితే, వ్యాయామం మార్చాలో వద్దో అక్కడినుంచే చెప్పగలడు.

మన పెద్దావిడ కర్రను ఎడమచేతిలోకి మార్చుకున్నారు. మొదటి పది అడుగులు తడబడ్డాయి. వరండా చివరికి చేరేసరికి ఒరుగుడు కొంచెం తగ్గింది. రేపు మళ్ళీ వస్తుంది, మరునాడు మళ్ళీ తగ్గుతుంది. ఏళ్ళు పట్టి నేర్చుకున్న కుంటును మరచిపోవడానికి వారాలైనా పట్టవద్దూ!

మీరూ చేసి చూడండి

1. గట్టినేల మీద పాత వార్తాపత్రికలు పరచి, చివరలు కదలకుండా అతికించండి. పాదాలు కొంచెం తడిచేసుకుని మామూలుగా నడవండి. ఒక మడమ గుర్తు నుంచి రెండో కాలి మడమ గుర్తు వరకు దూరం కొలవండి. కుడి అడుగుల సగటును ఎడమ అడుగుల సగటుతో భాగించండి. జవాబు 1కి ఎంత దగ్గరగా ఉంటే నడక అంత సమంగా ఉన్నట్లు. ఇప్పుడు ఒక చెప్పు మాత్రమే వేసుకుని మళ్ళీ ప్రయత్నించండి. ఈసారి చెప్పు అడుగును కూడా తడపండి. పక్కన ఒకరు ఉండడం మరచిపోవద్దు.

2. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో చూడండి. ఆసుపత్రుల్లో వాడే పరీక్ష ఇదే. మీ ఇంట్లో తాతగారికి, అమ్మమ్మకు పట్టే కాలాన్ని మీ కాలంతో పోల్చండి. తొందరపెట్టకండి. వారి మామూలు వేగమే మనకు కావలసింది.

3. కుడికాలి మీద నిలబడి, కుడి తుంటి పక్కన వేళ్ళు ఆనించండి. అక్కడ కండరం గట్టిపడడం తెలుస్తుంది. ఇప్పుడు ఎడమచేతితో బల్ల అంచును కొంచెం నొక్కండి. కండరం మెత్తబడిందా? కర్ర ఏ చేతిలో ఉండాలో మీ వేళ్ళే చెబుతాయి.